మర్లి రానియ్యని ఊళ్లు

సెప్టెంబర్ 17 దగ్గరికొస్తే నల్లగొండలోనూ పాలమూరులోనూ ఏటా ఒకటే పంచాయితీ. ఆ రోజును విమోచన దినమనాలా, విలీన దినమనాలా, సమైక్యతా దినమనాలా అని పార్టీలు వాదులాడుకుంటాయి. 1948లో అది శుక్రవారం. భారత సైన్యం ఐదు రోజులుగా హైదరాబాద్ రాజ్యంలోకి చొచ్చుకొస్తుండగా ఆ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ముందురోజే పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి హైదరాబాద్ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. సరిగ్గా అదే శుక్రవారం జెరూసలేంలో, అదే ఐక్యరాజ్యసమితి పంపిన మధ్యవర్తి, స్వీడన్ దేశస్థుడు కౌంట్ ఫోక్ బెర్నడాట్‌ను లెహి అనే యూదు సాయుధ ముఠా కారు ఆపి కాల్చి చంపింది. ఆయన నివేదిక అప్పటికి సిద్ధమై ఉంది. యుద్ధంలో ఊళ్లు విడిచిన అరబ్బులను తిరిగి తమ ఇళ్లకు రానివ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఇంకో రెండేళ్లకు, 1950లో, మళ్లీ సెప్టెంబర్ 17నే భారత ప్రభుత్వం ఇజ్రాయెల్‌ను దేశంగా గుర్తించింది. తేదీలు కలవడం కాకతాళీయం. వాటిలో అర్థాలు వెతకనక్కర్లేదు. కానీ ఇజ్రాయెల్లో బతుకుతూ, ఈ దేశం కథ మన జిల్లాలవాళ్లకు చెప్పాలనుకున్నప్పుడు ఇంతకన్నా సరైన మొదలు నాకు కనిపించలేదు.

ఎందుకంటే ఆ రోజుకు రెండు చోట్లా జనం ఊళ్లు విడిచి ఉన్నారు. రజాకార్ల భయానికి నల్లగొండ పల్లెలవాళ్లు జగ్గయ్యపేట, బెజవాడ వైపు పోయారు. పాలమూరువాళ్లు తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోయారు. పోలీసు చర్య ముగిశాక వాళ్లు మర్లి వచ్చారు. ఇల్లు కాలిపోయి ఉండొచ్చు, పశువులు పోయి ఉండొచ్చు, గానీ ఊరు మాత్రం వాళ్లదే. పాలస్తీనాలో పారిపోయినవాళ్లు కూడా పది పదిహేను రోజుల్లో తిరిగొస్తామనే అనుకున్నారు. ఇంటికి తాళం వేసి చెవి మొలకు కట్టుకుని పోయారు. వాళ్లను మర్లి రానియ్యలేదు. ఈ దేశం గురించి మన దగ్గర వినిపించే మాటల్లో మతాల కొట్లాట అనేవాళ్లున్నారు, సామ్రాజ్యవాదుల కుట్ర అనేవాళ్లున్నారు, ఉగ్రవాదం అనేవాళ్లున్నారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ చిక్కుముడి అసలు ఎక్కడ పడిందని నన్నడిగితే, 1948లో పోయినవాళ్లకు దారి మూసేసిన దగ్గర పడిందంటాను. ఆ తర్వాత జరిగిన యుద్ధాలకూ, గాజాకూ, చుట్టుపక్కల దేశాల రాజకీయానికీ అక్కణ్నుంచే వేరు వస్తుంది.

అయితే కథ 1948లో మొదలవలేదు. భూమి ఎవరి పేరన ఉంది, ఎవరి కాస్తులో ఉంది అన్న తేడా అంతకు తొంభై ఏళ్ల ముందే మొదలైంది. అప్పట్లో ఆ ప్రాంతం ఇస్తాంబుల్‌లోని ఉస్మానియా తుర్కుల ఏలుబడిలో ఉండేది. 1858లో వాళ్లు ఒక భూమి చట్టం తెచ్చి ప్రతి కమతాన్నీ రిజిస్టరు చేయించుకొమ్మన్నారు. పేరు రాయించుకుంటే పన్ను పడుతుందనీ, కొడుకును పటాలానికి పట్టుకుపోతారనీ రైతులు భయపడ్డారు. చాలా ఊళ్ల భూములు పట్నపు పెద్దమనుషుల పేర్ల మీదికి పోయాయి. దున్నేవాడు దున్నుతూనే ఉన్నాడు, కాగితం మాత్రం బీరూట్‌లోనో దమాస్కస్‌లోనో ఉంది. ఈ ముక్క నల్లగొండవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత సర్వే సెటిల్‌మెంటు జరిగినప్పుడు దేశ్‌ముఖులు రైతుల భూములను తమ పేర్న ఎలా రాయించుకున్నారో మన చరిత్ర పుస్తకాల నిండా ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ చేతికింద అరవై ఊళ్లూ నలభై వేల ఎకరాలూ ఉండేవంటారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి లెక్క అంతకన్నా పెద్దది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కొట్లాడింది తాను కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంట కోసం. పాలస్తీనా ఫెల్లాహ్, అంటే అక్కడి సన్నకారు రైతు, నిలబడ్డది కూడా అదే చోట.

1920లలో బీరూట్‌కు చెందిన సుర్సోక్ కుటుంబం గలిలీకి దక్షిణాన ఉన్న జెజ్రేల్ లోయలోని ఊళ్లను యూదు సంస్థలకు అమ్మింది. కొన్నది ముఖ్యంగా 1901లో బాసెల్‌లో పుట్టిన యూదు జాతీయ నిధి కోసం. ఆ నిధి కొన్న భూమిని మళ్లీ అమ్మదు, యూదు జాతి ఉమ్మడి ఆస్తిగా ఉంచి కౌలుకే ఇస్తుంది. ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది: డబ్బు పెట్టి కొన్న భూమే కదా, రిజిస్ట్రీ అయింది కదా, తప్పేముంది? చట్టం ప్రకారం తప్పు లేదు, నిజమే. కానీ అమ్మినవాడు ఆ భూమిలో ఒక్కనాడు నాగలి పట్టినవాడు కాదు. కొన్నవాళ్లు కౌలుదార్లు లేని ఖాళీ భూమి కావాలన్నారు. తరాలుగా దున్నుకున్నవాళ్లు ఎంతో కొంత పరిహారం తీసుకుని లేచిపోవాల్సి వచ్చింది. భూమి లేనివాళ్లు పెరుగుతున్నారని 1930లో, అప్పటికి పాలస్తీనాను ఏలుతున్న బ్రిటిష్ ప్రభుత్వం పంపిన హోప్ సింప్సన్ కూడా రాశాడు. 1936 నుంచి మూడేళ్లు సాగిన అరబ్బు తిరుగుబాటులో పల్లె రైతులే ముందున్నారు. ఇంకోమాట కూడా చెప్పాలి. ఈ కొనుగోళ్లన్నీ కలిపినా 1947 నాటికి యూదుల చేతిలో ఉన్న భూమి మొత్తం పాలస్తీనాలో ఏడు శాతం దగ్గరే. అంటే ఈ రోజున్న ఇజ్రాయెల్ భూమిలో చాలా భాగం కొన్నది కాదు. యుద్ధంలో వచ్చింది, తర్వాత చట్టంతో స్థిరపడింది. కొనుక్కున్నారు కదా అనే వాదన ఆ ఏడు శాతం దగ్గరే ఆగిపోతుంది.

1947 నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను రెండు దేశాలుగా పంచాలని తీర్మానించింది. మూడోవంతు జనాభా ఉన్న యూదులకు సగం కంటే ఎక్కువ నేల వచ్చింది. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. యూదు నాయకత్వం ఒప్పుకుంది, అరబ్బులు ఒప్పుకోలేదు. మర్నాటి నుంచే కాల్పులు మొదలయ్యాయి. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడ్డాక చుట్టూ ఉన్న అరబ్బు సైన్యాలు దిగాయి. 1949లో సంధి గీతలు గీసేనాటికి ఇజ్రాయెల్ చేతిలో పాత పాలస్తీనాలో నాలుగింట మూడొంతులకు పైగా ఉంది. సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఊళ్లు విడిచారు. నాలుగు వందలకు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. మీ నాయకులే పంచుకోమంటే వద్దన్నారు, మీ రేడియోలే లేచిపొమ్మన్నాయి అన్నది ఇక్కడ ఎప్పుడూ వినిపించే జవాబు. ఇజ్రాయెల్ సైనిక పత్రాలు తెరిచాక బెనీ మోరిస్ లాంటి ఇజ్రాయెలీ చరిత్రకారులే చెప్పిందేమిటంటే, కొన్నిచోట్ల భయంతో పోయారు, 1948 ఏప్రిల్‌లో దేర్ యాసీన్‌లో జరిగిన హత్యాకాండ వార్త విని పోయారు, జులైలో లిద్దా లాంటి చోట్ల సైన్యమే ఆజ్ఞ ఇచ్చి తరిమింది. కొన్నిచోట్ల అరబ్బు కమాండర్లు ఆడవాళ్లనూ పిల్లలనూ పంపేయమన్న మాటా నిజమే. పంపకాన్ని ఒప్పుకోకపోవడం అరబ్బు నాయకత్వం చేసిన పెద్ద తప్పని నేనూ అంటాను. కానీ నాయకుడి తప్పుకు రైతు ఇల్లు పోవాలా? రజాకార్ల భయానికి పారిపోయినవాడిని ఎవరూ తరమలేదు, తనంతట తానే పోయాడు అని జగ్గయ్యపేట సరిహద్దులో ఆపి ఉంటే మనం ఏమనేవాళ్లం? తుపాకులు పేలుతుంటే ఇల్లు విడిచినవాడు ఇల్లు వదులుకున్నట్టు కాదు.

మన కథను మరీ తెల్లగా చూపించడం కూడా నాకిష్టం లేదు. తెలంగాణకు మర్లి వచ్చినవాళ్లలో దొరలూ ఉన్నారు. రైతుల సాయుధ పోరాటానికి జడిసి పట్నం చేరిన దేశ్‌ముఖులు సైన్యం వెనకాలే గడీలకు తిరిగొచ్చి, పంచిన భూములు గుంజుకున్నారు. పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. అటు మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు పోలీసు చర్య తర్వాత వేలమంది ముస్లింలను చంపారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ లెక్కను 27 వేల నుంచి 40 వేల దాకా వేసింది, ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. అయినా ఒక విషయంలో ఢిల్లీ దారి వేరుగా నడిచింది. నష్టపోయిన హైదరాబాద్ ముస్లిం ఈ దేశపు పౌరుడిగానే మిగిలాడు, ఓటు వేశాడు. ఇక కాస్తు విషయానికొస్తే, 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. ఆ చట్టపు 38-ఈ పత్రం అంటే నల్లగొండ, పాలమూరు కచేరీల్లో ఈ రోజుకీ అందరికీ తెలుసు. 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరు పట్టాదారు, ఎవరు కాస్తు చేస్తున్నారు అని వేర్వేరు గడుల్లో రాశారు. అమలులో ఎన్ని మోసాలు జరిగాయో మన జిల్లాలవాళ్లకు నేను చెప్పేదేం లేదు. కానీ కాస్తుదారుకు ఒక గడి అంటూ ఉంది, ఆ గడిలో పేరుంటే కోర్టుకు పోయే దారి ఉంది.

అదే 1950లో ఇజ్రాయెల్ పార్లమెంటు గైర్‌హాజరీల ఆస్తి చట్టం చేసింది. 1947 నవంబర్ 29 తర్వాత శత్రుదేశానికి గానీ, శత్రుసైన్యం చేతిలో ఉన్న ప్రాంతానికి గానీ పోయినవాడి ఆస్తి ప్రభుత్వ కస్టోడియన్ చేతిలోకి పోతుంది. వాడు భయంతో పోయాడా, తరిమితే పోయాడా అన్న ప్రశ్న లేదు. ఇంకా విచిత్రం ఏమంటే, పక్క ఊరికి పోయి నెల తర్వాత తిరిగొచ్చి, ఇజ్రాయెల్ పౌరసత్వం పొందినవాడు కూడా ఈ చట్టం కింద గైర్‌హాజరీ అయ్యాడు. మనిషి కళ్లముందే ఉన్నాడు, ఓటు వేస్తున్నాడు, పన్ను కడుతున్నాడు, గానీ అతని భూమి లెక్కల్లో అతను లేడు. హీబ్రూలో వాళ్లకు నొఖెహిమ్ నిఫ్కాదిమ్ అని పేరే పెట్టారు, హాజరులో ఉన్న గైర్‌హాజరీలు అని అర్థం. కస్టోడియన్ నుంచి ఆ భూములు అభివృద్ధి సంస్థకూ, అక్కణ్నుంచి చాలా భాగం యూదు జాతీయ నిధికీ పోయాయి. ఈ రోజు ఇజ్రాయెల్ నేలలో తొంభై శాతానికి పైగా ప్రభుత్వం, అభివృద్ధి సంస్థ, యూదు జాతీయ నిధి పేరనే ఉంది, అది మామూలుగా అమ్మకానికి లేదు. ధరణి పోర్టల్ వచ్చినప్పుడు అనుభవదారు గడి పోయిందని మన రైతులు ఎంత కలవరపడ్డారో గుర్తుచేసుకోండి. ఇక్కడ ఒక జాతి మొత్తానికి ఆ గడి పోయింది.

మతాల గొడవ అనేవాళ్లకూ, భద్రత కోసం తప్పలేదనేవాళ్లకూ నేను ఇక్రిత్ ఊరి సంగతి చెబుతాను. అది లెబనాన్ సరిహద్దు దగ్గర గలిలీ కొండల్లో ఉన్న క్రైస్తవుల ఊరు. 1948లో సైన్యం వచ్చినప్పుడు వాళ్లు ఒక్క తూటా పేల్చలేదు. సరిహద్దు సర్దుబాటయ్యాక పదిహేను రోజుల్లో తిరిగొద్దురు గానీ అని చెప్పి నవంబర్‌లో వాళ్లను దక్షిణాన రామె అనే ఊరికి తరలించారు. పదిహేను రోజులు గడిచాయి, రెండేళ్లూ గడిచాయి. వాళ్లు పౌరులు కాబట్టి సుప్రీం కోర్టుకు పోయారు. 1951 జులైలో వాళ్లను ఊరికి పోనివ్వాలని కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు సైన్యం చర్చి ఒక్కటి మిగిల్చి ఊరంతా కూల్చేసింది. ఆ ప్రాంతంలోనే ఉన్న బిర్‌ఇమ్ అనే ఇంకో క్రైస్తవ గ్రామానికి 1953లో అదే గతి పట్టింది. 1972లో గోల్డా మెయిర్ ప్రభుత్వం వాళ్ల వినతిని మళ్లీ తోసిపుచ్చింది. ఒక ఊరివాళ్లను రానిస్తే మిగతా ఊళ్లవాళ్లందరూ అడుగుతారన్నదే అసలు భయం. ఆ తర్వాత కాలంలో చనిపోయినవాళ్లను ఇక్రిత్ శ్మశానంలో పూడ్చుకోనిచ్చారు, చర్చిలో ప్రార్థన చేసుకోనిచ్చారు. బతికున్నవాళ్లకు ఇల్లు కట్టుకునే అనుమతి రాలేదు. వాళ్లు ముస్లింలు కాదు, శత్రువులు కాదు, శరణార్థులు కూడా కాదు, కోర్టులో గెలిచిన పౌరులు. వాళ్లకే దారి లేదంటే ఆ దారిని మూసింది మతమూ కాదు, భద్రతా కాదు. భూమి మళ్లీ పాత చేతుల్లోకి పోకూడదన్న నిర్ణయం మూసింది.

ఇంత చెప్పాక యూదుల వైపు నుంచి చూడకపోతే నేను ఇక్కడ బతుకుతూ ఏమీ నేర్చుకోనట్టే. ఈ జాతికి కూడా తలుపులు మూసిన చరిత్రే ఉంది. 1938లో ఫ్రాన్స్‌లోని ఏవియాన్‌లో 32 దేశాలు సమావేశమై జర్మనీ యూదుల మీద జాలి చూపాయి గానీ దాదాపు ఎవరూ తలుపు తీయలేదు. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడలో తొమ్మిది వందలకు పైగా యూదులు క్యూబా దాకా పోయి, అమెరికా కూడా దిగనివ్వక యూరప్‌కే మర్లి వచ్చారు. వాళ్లలో వందలమంది తర్వాత నాజీల చేతిలో చనిపోయారు. అదే ఏడాది బ్రిటన్ తన శ్వేతపత్రంతో పాలస్తీనాకు యూదుల రాకను ఐదేళ్లకు 75 వేలకు కుదించింది. తర్వాత అరవై లక్షల మందిని చంపారు. యూదు అనేవాడు ఎప్పుడు వచ్చినా తెరుచుకునే తలుపు ఈ భూమి మీద ఒక్కటైనా ఉండాలన్న పట్టుదల అక్కణ్నుంచి వచ్చింది. 1950 జులైలో చేసిన తిరిగిరాక చట్టం, హోక్ హష్వూత్, దాని రూపం. ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. దాని అవసరం తెలియనివాడు ఈ దేశాన్ని అర్థం చేసుకోలేడు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని తెలుగు దళిత కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తూ ఇజ్రాయెల్ గుర్తింపు కోరుతున్నాయి. మణిపూర్, మిజోరాం వైపు బ్నే మెనాషే వాళ్లకు 2005లో ప్రధాన రబ్బీ గుర్తింపు దొరికింది, వేలమంది వచ్చారు. గుంటూరువాళ్లకు ఆ గుర్తింపు రాలేదు. రెండు వేల ఏళ్ల నాటి బంధుత్వాన్ని అంత జాగ్రత్తగా విచారించే రాజ్యం, డెబ్బై ఏళ్ల నాటి ఇంటి తాళంచెవిని విచారణకే తీసుకోదు. నాకు అన్యాయంగా తోచేది ఇదే. రెండు వేల ఏళ్లయినా జనం నేలను మరచిపోరని యూదులకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

దేశ విభజనప్పుడు కోటి మందికి పైగా అటూ ఇటూ మారలేదా, వాళ్లు కొత్తచోట స్థిరపడలేదా, పాలస్తీనీయులే ఎందుకు ఇంకా శరణార్థులమంటారు అన్నది మనవాళ్లు ఎక్కువగా వేసే ప్రశ్న. అరబ్బు దేశాల నుంచి కూడా లక్షలాది మంది యూదులు ఆస్తులు వదిలి వచ్చారు. ఒక్క ఇరాక్ నుంచే 1950-51లో లక్షా ఇరవై వేల దాకా వచ్చారు. చెల్లుకు చెల్లు కాదా అంటారు. మన దేశం చేతులు కూడా ఈ విషయంలో శుభ్రంగా లేవు. 1948లో పశ్చిమ పాకిస్తాన్ నుంచి మర్లి వచ్చే ముస్లింలను ఆపడానికి మనమూ పర్మిట్ పద్ధతి పెట్టాం, 1950లో మనమూ వలసపోయినవాళ్ల ఆస్తికి కస్టోడియన్‌ను పెడుతూ చట్టం చేశాం. అయితే మన దగ్గర లాహోర్ నుంచి వచ్చినవాడు వచ్చిన కొద్దికాలానికే ఢిల్లీ పౌరుడయ్యాడు, ఢిల్లీ నుంచి పోయినవాడు కరాచీ పౌరుడయ్యాడు. ఒక ఇల్లు పోయినా ఒక రాజ్యం వచ్చింది. పాలస్తీనీయుడికి ఇల్లు పోయింది, రాజ్యమూ రాలేదు. బాగ్దాద్ యూదుడికి అన్యాయం చేసింది ఇరాక్ ప్రభుత్వం. ఆ బాకీని హైఫా దగ్గరి అరబ్బు రైతు నుంచి వసూలు చేయడం ఏ పంచాయితీ పెద్దా ఒప్పుకునే తీర్పు కాదు.

చుట్టుపక్కల అరబ్బు దేశాలు ఈ గాయాన్ని మాన్పలేదు, వాడుకున్నాయి. జోర్డాన్ వెస్ట్ బ్యాంక్‌ను 1950లో తనలో కలుపుకుని శరణార్థులకు పౌరసత్వం ఇచ్చింది, వాళ్లకంటూ వేరే రాజ్యం రాకుండా చూసుకుంది. ఈజిప్టు గాజాను ఏలింది గానీ పౌరసత్వం ఇవ్వలేదు. లెబనాన్ చాలా వృత్తులు వాళ్లకు నిషేధించింది. 1967 జూన్‌లో ఆరు రోజుల్లో వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం ఇజ్రాయెల్ చేతికొచ్చాయి. 1979లో ఈజిప్టు తన సినాయి తిరిగొచ్చే ఒప్పందం చేసుకుంది, 1994లో జోర్డాన్ తన సరిహద్దు సర్దుకుంది. 2020లో ఎమిరేట్స్, బహ్రెయిన్ అబ్రహాం ఒప్పందాల పేరుతో ఇజ్రాయెల్‌తో చేయి కలిపాయి. ఎవరి లెక్క వాళ్లు సర్దుకున్నారు. శరణార్థి మాట ఒప్పందం చివరి పేజీకి పోయింది. అలా వదిలేసిన చోటుకే ఇరాన్ వచ్చి చేరింది. లెబనాన్‌లో హిజ్బొల్లా, గాజాలో హమాస్, యెమెన్‌లో హూతీల చేతికి ఆయుధం అందింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ నేరుగా పన్నెండు రోజులు కొట్టుకున్నాయి. ఏ టెహ్రాన్ నాయకుడికీ పాలస్తీనా రైతు మీద ప్రేమ లేదని నేను నమ్ముతాను. తీరని బాకీ ఎక్కడుంటే దాని పేరు చెప్పి పెత్తనం చేసేవాళ్లు అక్కడికొస్తారు.

గాజా సంగతీ అంతే. అక్కడి జనంలో మూడింట రెండొంతుల మందికి పైగా 1948 శరణార్థులు, వాళ్ల బిడ్డలు, మనుమలు. వాళ్ల తాతల ఊళ్లలో చాలావరకు ఇప్పటి దక్షిణ ఇజ్రాయెల్లో, కంచెకు కొద్ది కిలోమీటర్ల అవతలే ఉండేవి. 2023 అక్టోబర్ 7న హమాస్ ఆ కంచె తెంచుకుని వచ్చి సుమారు 1,200 మందిని చంపింది, 250 మంది దాకా పట్టుకుపోయింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మామూలు జనం, నాట్యం చేయడానికి వచ్చిన కుర్రవాళ్లు, ముసలివాళ్లు, థాయిలాండ్ నుంచి వచ్చిన కూలీలు, నేపాల్ నుంచి వచ్చిన విద్యార్థులు. అన్యాయం జరిగిందన్న మాట ఈ హత్యలకు సమర్థన కాదు. తుపాకి పట్టిన పోరాటం చూసిన నల్లగొండ నేల మీద పుట్టినవాడిగా ఇంకా గట్టిగా అంటాను, పసిపిల్లను చంపినవాడు భూమి కోసం కొట్లాడినవాడు కాదు. ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో, 2025 అక్టోబర్‌లో కాల్పుల విరమణ కుదిరేనాటికి, గాజా ఆరోగ్యశాఖ లెక్కలో చనిపోయినవాళ్లు 67 వేలు దాటారు. అందులో వేల మంది పిల్లలు. గాజా జనంలో దాదాపు అందరూ మళ్లీ ఇళ్లు విడవాల్సి వచ్చింది. శరణార్థుల మనుమలు రెండోసారి, మూడోసారి, పదోసారి శరణార్థులయ్యారు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివర్న పెట్టాను. వాళ్లందరినీ రానిస్తే యూదులు తమ దేశంలోనే మైనారిటీ అవుతారు, అప్పుడు ఇజ్రాయెల్ ఉండదు. ఐక్యరాజ్యసమితి లెక్కలో నమోదైన శరణార్థులు ఇప్పుడు 59 లక్షల దాకా ఉన్నారు కాబట్టి ఇది ఉత్త బెదిరింపు కాదు. ఏవియాన్ చూసిన జాతికి ఆ భయం ఉండటం న్యాయమే. దీనికి నా జవాబు, హక్కును ఒప్పుకోవడం వేరు, అందరూ ఒకే ఉదయం వచ్చి పడటం వేరు. 1948 డిసెంబర్ 11న వచ్చిన ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానమే రెండు దారులు చూపింది. పొరుగువాళ్లతో శాంతిగా బతకదలచినవాడు రావొచ్చు, రానివాడికి పరిహారం ఇవ్వాలి. 1949 లొజాన్ చర్చల్లో ఇజ్రాయెలే లక్ష మందిని తీసుకుంటానని చెప్పింది, అది కుదరలేదు. 2002లో అరబ్బు దేశాలన్నీ బీరూట్‌లో పెట్టిన ప్రతిపాదనలో శరణార్థుల పరిష్కారం ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టుగా ఉండాలని రాశారు, అంటే అంకె మాట్లాడుకోవచ్చని వాళ్లే ఒప్పుకున్నారు. పాలస్తీనా రాజ్యంలో చోటు, పరిహారం, కొద్దిమందికి సొంత ఊరు, ఇక్రిత్, బిర్‌ఇమ్‌వాళ్ల లాంటి పౌరులకు రేపే ఊరు. ఇందులో ఏదీ ఇజ్రాయెల్‌ను ముంచదు. ముంచుతున్నది వేరే ఉంది. 1993లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వాల మధ్య ఓస్లో ఒప్పందం జరిగేనాటికి వెస్ట్ బ్యాంక్‌లో, తూర్పు జెరూసలేం కాకుండా, యూదు వలసదార్లు లక్ష పైచిలుకు. ఇప్పుడు ఐదు లక్షల దాకా ఉన్నారు. తిరిగిరాను, నా రాజ్యంలో ఉంటాను అనేవాడికి కూడా రాజ్యం పెట్టుకునే నేల మిగలకుండా పోతోంది.

ఇదంతా మనకెందుకు అనుకునే రోజులు పోయాయి. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టింది మన తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు ప్రభుత్వమే. ముఖ్యమంత్రిగా భూసంస్కరణల కోసం పదవి మీదికి తెచ్చుకున్న మనిషి ఆయన. పాలస్తీనాను భారత్ 1988లోనే గుర్తించింది, ఆ గుర్తింపు అలాగే ఉంచి ఇటు తలుపు తెరిచాడు. ఆ తెరిచిన తలుపులోంచే నిజామాబాద్, జగిత్యాల వైపువాళ్లు ముసలివాళ్ల సేవకు ఇక్కడికి వచ్చారు. ఇప్పుడు మేస్త్రీ పనికి పిలుస్తున్నారు. 1967 తర్వాత ఇజ్రాయెల్ భవనాలు కట్టింది ఎక్కువగా పాలస్తీనా కూలీలు. 1980లలో రోజూ లక్ష మందికి పైగా వచ్చి సాయంత్రానికి పోయేవాళ్లు. కొందరు తమ తాతల ఊరు ఉన్న చోటే గోడలు లేపారు. 2023 అక్టోబర్ తర్వాత వాళ్ల పర్మిట్లు రద్దయ్యాయి. ఆ ఏడాది మేలోనే 42 వేల మంది భారతీయ కార్మికుల కోసం ఒప్పందం కుదిరి ఉంది. 2024లో హైదరాబాద్‌లోనూ సెంట్రింగ్, ఐరన్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులకు పరీక్షలు పెట్టి ఎంపిక చేశారు. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీకి, శ్రీశైలం నీళ్లలో ఊరు పోగొట్టుకుని ఉద్యోగం కోసం జీవో 98 పట్టుకుని తిరిగిన కొల్లాపూర్, అలంపూర్ వైపు మనిషికి, ఈ పని వద్దని చెప్పే హక్కు నాకు లేదు. ఇంటి దగ్గర అప్పు ఉంటుంది, ఇక్కడ జీతం లక్ష దాటుతుంది. వచ్చేవాళ్లు ఏ ఖాళీలోకి వస్తున్నారో తెలుసుకుని రావాలని మాత్రం కోరుతున్నాను. ఆ ఖాళీ కొండ అవతల ఇంట్లో కూర్చుని ఉన్న ఇంకో మేస్త్రీది.

వచ్చే సెప్టెంబర్ 17న జెండా ఎగరేశాక, విమోచనమా విలీనమా అన్న వాదం ఎటూ నడుస్తుంది. ఆ పక్కనే ఇంకొక పని చేయండి. మీ ఊళ్లో రజాకార్ల కాలంలో సరిహద్దు దాటి పోయి మర్లి వచ్చిన ఇల్లు ఏదో ఒకటి ఉంటుంది. ఆ ఇంటి ముసలివాళ్లు ఇంకా ఉంటే, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలను, తిరిగొచ్చిన రోజు ఎట్లుండెనో అడగండి. తలుపు ఎవరు తీశారు, పొలంలో ఎవరున్నారు, ఊరు ఏమన్నది అన్నీ అడిగి రాసిపెట్టండి. ఇక్రిత్‌వాళ్లకు అలాంటి రోజు ఇంకా రాలేదు.